జరగని నిన్నకి నలభై ఆరు చేతులు

"అందరూ చెయ్యెత్తాలి," అంది తింగ్‌వెయ్. "తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. నేను కుడి చేతుల్నే లేపుతా. పోటీ చూసే జడ్జీలకి మాత్రం క్లాసంతా చేతులే కనపడాలి. అర్థమైందా?"

అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. ఆ నలభై ఆరుగురికీ ఇది ఒకటో తరగతి నుంచి వచ్చిన విద్యే. బయటివాళ్లు కూర్చుని చూసే పాఠం అన్నప్పుడల్లా ఎవరో ఒక టీచరు ఇదే మాట చెప్పడం, వీళ్లు తలూపడం మామూలే.

"టీచర్, తెలిసీ తెలియనట్టు ఉంటేనో?" అన్నాడు దెంగ్ కైలె. క్లాసులో అందరికంటే పొడుగు, అందరికంటే ముందు నోరు.

"రెండూ ఎత్తరా. పోలీసులు చుట్టుముట్టినట్టు ఉంటావ్. నీకు బాగా నప్పుతుంది."

క్లాసంతా గొల్లుమంది. నవ్వులో కలవనిది వెనక వరుసలో కిటికీ పక్కన కూర్చునే రువాన్ మెయ్‌జు ఒక్కతే. అది నవ్వకపోవడానికి కారణమేమీ అక్కర్లేదు, అసలు మాట్లాడడమే తక్కువ. రెండేళ్లుగా దాని ఎడమ చెయ్యి తప్ప కుడి చెయ్యి పైకి లేవడం తింగ్‌వెయ్ చూడలేదు.

జువో తింగ్‌వెయ్‌కి ఇరవై ఎనిమిదేళ్లు. లింగ్‌షీ జిల్లాలోని ఆ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం ఇది నాలుగో ఏడు. నాలుగేళ్లూ కాంట్రాక్టు మీదే. ప్రతి జులైలోనూ ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇంకో ఏడాదికి టీచరవుతుంది. ఈ ఏడు స్కూలుకి ఇంగ్లీషులో ఒక పర్మినెంటు పోస్టు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో నాన్చకుండా చెప్పేశారు: జిల్లా పాఠాల పోటీలో మొదటి బహుమతి తెస్తే ఆ పోస్టు తింగ్‌వెయ్‌ది. రెండోది తెస్తే చప్పట్లు.

తింగ్‌వెయ్ తెస్తాననే అనుకుంది. గొప్పలకి పోయి కాదు, తన పని తనకి తెలుసు కాబట్టి. మిగతా స్కూళ్లవాళ్లు పోటీకి ప్రయాణాలు, తిండి, పండగలు లాంటి మెత్తని పాఠాలు ఎంచుకుంటే తను జరగని గతాన్ని ఎంచుకుంది. అంటే 'నిన్న వచ్చుంటే కలిసుండేవాళ్లం' లాంటి వాక్యాలు. రాలేదు, కలవలేదు, ఇప్పుడు చెయ్యగలిగిందీ లేదు, అయినా ఆ మాట చెప్పాలి. ఇక్కడి చైనీసు భాషలో క్రియ పుట్టినప్పుడు తొడుక్కున్న చొక్కా మళ్లీ మార్చదు. నిన్న అయినా రేపయినా, జరిగినా జరగకపోయినా ఒకటే రూపం. అందుకే ఈ పాఠం దగ్గర పిల్లల మొహాలు వానకి తడిసిన నోటుబుక్కుల్లా అయిపోతాయి.

"నీకు వేరే పాఠమే దొరకలేదా పిల్లా?" అంది లాన్ అక్క. ఇంగ్లీషు టీచర్లందరికీ పెద్ద. రిటైరవడానికి మూడేళ్లుంది. ఆమె ఫ్లాస్కులో ఎర్ర ఎండుపళ్లు తేలుతుంటాయి, ఆమె చెయ్యి ఎప్పుడూ ఎవరో ఒకరి లెసన్ ప్లాన్ మీద ఉంటుంది. "ఈ పాఠంలో నవ్వించడానికేముంది? అన్నీ ఏడుపు వాక్యాలే."

"నవ్వించడానికి కాదక్కా, నడిపించడానికి."

నడిపించడం అంటే నిజంగానే నడిపించడం. తింగ్‌వెయ్ నేల మీద మూడు రంగుల టేపు అంటిస్తుంది. పసుపు గీత ఇవాళ. దాని వెనక నీలం గీత, జరిగిపోయిన నిన్న. ఇంకా వెనక ఎర్ర గీత. పిల్లల్ని పసుపు మీద నిలబెట్టి ఒక అడుగు వెనక్కి వెయ్యమంటుంది. అది జరిగినదానికి. ఇంకో అడుగు వెయ్యమంటుంది. అది జరగనిదానికి. "జరగలేదని ఒప్పుకోవాలంటే ఇంగ్లీషువాడు ఇంకో అడుగు వెనక్కి వేస్తాడు, అంతే," అంటుంది. సూత్రం బట్టీ పట్టి ఏడాదిపాటు తడబడిన పిల్లలు రెండడుగులు వెయ్యగానే వాక్యం చెప్పేస్తారు. ఇది తను కనిపెట్టిన కిటుకు. ఎవరూ నేర్పలేదు.

కానీ పోటీ పాఠమంటే కిటుకు ఒక్కటే చాలదు. దాన్ని అరగదీయాలి. అదే క్లాసుకి అదే పాఠం మూడుసార్లు చెప్పించి, నాలుగోసారి మొదటిసారి చెప్పినట్టు చెప్పించాలి. ఆ అరగదీతకి లాన్ అక్క పెట్టింది పేరు. ఎవరు ఎన్నో నిమిషంలో లేవాలో, లేచి ఏ వాక్యం చెప్పాలో, పన్నెండో నిమిషంలో కైలె ఏ తప్పు చేస్తే అందరూ నవ్వాలో, ఆ తప్పుని క్లాస్ లీడర్ పెయ్ సీయువాన్ ఎలా దిద్దాలో అంతా ఆవిడే రాసిచ్చింది. వాక్యాలు కూడా ఆవిడవే. ముప్పై వాక్యాల్లో ఇరవై తొమ్మిది 'నేను బాగా చదివుంటే' అని మొదలవుతాయి. ముప్పయ్యోది 'అమ్మ మాట వినుంటే'.

"అక్కా, పదహారేళ్లవాళ్లకి ఇన్ని పశ్చాత్తాపాలు ఎక్కడివి?"

"మార్కులేసేవాళ్లకి నచ్చుతాయి. నువ్వు నోరు మూసుకుని గెలువు."

తింగ్‌వెయ్ నోరు మూసుకుంది. గెలవడం మీద తనకి అభ్యంతరం లేదు.

పోటీ రోజు పొద్దున ఏడింటికే తింగ్‌వెయ్ స్కూటర్ మీద జిల్లా కేంద్రంలోని హాలుకి వెళ్లిపోయింది. వేదిక మీద తనే మోకాళ్ల మీద కూర్చుని మూడు గీతలూ అంటించింది. బయట బండి దగ్గర పల్లీల ముద్ద కలిపిన నూడిల్స్ ఒక గిన్నె లాగించింది. కాలర్‌కి మైకు తగిలించుకుని, ఒకటి రెండు అని చూసుకుంది. ఎనిమిదిన్నరకి బస్సు వచ్చింది. పిల్లలు ట్రాక్‌సూట్లలో వరసగా దిగి వేదిక ఎక్కి డెస్కుల్లో కూర్చున్నారు. వాళ్లని తీసుకొచ్చింది వాళ్ల క్లాస్ టీచర్ నియె సార్. లెక్కలు చెబుతాడు, నలభై దాటాయి, దేనికైనా సాయం చేస్తానని ముందుకొస్తాడు. దిగుతూనే బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"పిల్లలకి బస్సులో అన్నీ గుర్తు చేశాలే. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఏం గుర్తు చేశావని అడగలేదు తింగ్‌వెయ్. అడగాల్సిన అవసరం కనపడలేదు.

హాల్లో రెండొందల మంది టీచర్లు. మొదటి వరుసలో ఐదుగురు జడ్జీలు, ఐదు ఫ్లాస్కులు. మధ్యలో గావ్ గారు. జిల్లాలో ఎవరి పాఠం ఎలా ఉందో తేల్చేది ఆయనే. మూడో వరుసలో లాన్ అక్క, ఒళ్లో లెసన్ ప్లాన్, చేతిలో వాచీ.

మొదటి పది నిమిషాలూ నీళ్ల మీద పడవలా వెళ్లాయి. ఇద్దరు పిల్లలు వచ్చి గీతల మీద నడిచారు. రెండో అడుగుకి హాల్లో ఎవరో "అబ్బ, బాగుందే" అనడం తింగ్‌వెయ్‌కి వినపడింది. గావ్ గారు పెన్ను మూత తీశారు. పన్నెండో నిమిషంలో తింగ్‌వెయ్ మొదటి ప్రశ్న వేసింది.

నలభై ఆరు చేతులు లేచాయి.

చూడముచ్చటగా ఉంది. తింగ్‌వెయ్ దెంగ్ కైలె కుడి చెయ్యి చూసి అతన్ని లేపింది. అతను లేచాడు. లేచి నిలబడ్డాడంతే. నేర్పిన తప్పు చెప్పలేదు, ఒప్పూ చెప్పలేదు. వాడి మొహం చూస్తే నోట్లో పన్ను పీకమన్నట్టుంది.

సరే, భయపడ్డాడు. తింగ్‌వెయ్ నవ్వి కూర్చోమంది. రెండో వరుసలో కుడి చెయ్యెత్తిన ఒక అమ్మాయిని లేపింది. ఆ అమ్మాయి డెస్కు వంక చూస్తూ నిలబడింది. మూడో చెయ్యి కోసం వెతుకుతుంటే సీయువాన్ కనిపించింది. క్లాస్ లీడర్ సీయువాన్, ఈ పాఠాన్ని నిద్రలో కూడా తలకిందులుగా చెప్పగల సీయువాన్, ఎడమ చెయ్యెత్తి కళ్లతోనే బతిమాలుతోంది.

తింగ్‌వెయ్ మామూలుగా నడుస్తున్నట్టే కైలె డెస్కు దగ్గరికెళ్లి వంగింది.

"ఏమైందిరా?" అంది గొంతు తగ్గించి.

"టీచర్, నియె సార్ బస్సులో ఎడమ అన్నారు," అన్నాడు కైలె. "తెలిస్తే ఎడమ, తెలియకపోతే కుడి అని. ఆయన ఎడమచేతివాటం కదా. నేను ముందు సీట్లో ఉన్నా కాబట్టి విన్నా, జవాబు మర్చిపోయి కుడి ఎత్తా. వెనకవాళ్లు సగం మంది నిద్రపోతున్నారు. వాళ్లు మీరు చెప్పిందే ఎత్తారు."

రహస్యంగానే చెప్పాడు పాపం. కానీ మైకు తింగ్‌వెయ్ కాలర్‌కి ఉంది, కాలర్ కైలె నోటికి జానెడు దూరంలో ఉంది. ప్రతి మాటా హాలు నాలుగు మూలల స్పీకర్లలోంచి గంట కొట్టినట్టు వినపడింది.

వెనకెక్కడో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ హాల్లో ఈ చేతుల లెక్క తెలియనివాళ్లు లేరు. పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు నేర్పనివాళ్లూ లేరు. కానీ దాన్ని పైకి అనడం మాత్రం ఎక్కడా లేదు. నియె సార్ పక్క తలుపు దగ్గర నిలబడి తన ఎడమ చేతిని ప్యాంటు జేబులో దాచుకుంటున్నాడు.

లాన్ అక్క మూడో వరుసలోంచి చూపుడువేలితో సీయువాన్‌ని చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. దాని అర్థం తింగ్‌వెయ్‌కి తెలుసు. సీయువాన్‌ని పేరు పెట్టి లేపు. అది చెప్పేస్తుంది. ఆ తర్వాత నీకు తెలిసినవాళ్లనే పేరుపేరునా లేపుకుంటూ పో. విననట్టు నటించడానికి హాలంతా సిద్ధంగా ఉంది. ఇరవై ఏడు నిమిషాలు మిగిలున్నాయి, ప్లాన్ పూర్తవుతుంది, మొదటి బహుమతి ఇంకా పోలేదు.

అది నిజం. తింగ్‌వెయ్ అది నిజమని లెక్క వేసుకుంది కూడా. కానీ కైలె మొహం ఎర్రగా కందిపోయి ఉంది. రెండో వరుస అమ్మాయి ఇంకా నిలబడే ఉంది, కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు సీయువాన్ లేచి 'నేను బాగా చదివుంటే' అని మొదలుపెడితే తన మొహం ఎలా పెట్టుకోవాలో తింగ్‌వెయ్‌కి తోచలేదు.

"అందరూ చేతులు దించండి," అంది ఇంగ్లీషులో, మైకులో, నిదానంగా.

చేతులు దిగాయి. లాన్ అక్క కళ్లు మూసుకుంది.

తింగ్‌వెయ్ పసుపు గీత మీదకి వెళ్లి నిలబడింది. "ఇందాక ఒకటి జరిగింది. అందరూ విన్నారు. ఇప్పుడు మార్చగలమా?"

"లేదు," అన్నారు ఏడెనిమిది మంది.

"అయితే ఏం చేస్తాం?"

"వెనక్కి," అన్నాడు కైలె, కూర్చునే.

ఒక అడుగు వేసి నీలం గీత మీదకి వెళ్లింది. ఇంకో అడుగు, ఎర్ర గీత. అక్కడ నిలబడి ఇంగ్లీషులోనే సగం వాక్యం చెప్పింది. "ఇవాళ పొద్దున నియె సార్ బస్సు ఎక్కకపోయుంటే..."

ఆపేసింది. మిగతా సగం ఎవరికీ రాసివ్వలేదు. ఆ వాక్యానికి కుడి చెయ్యీ లేదు, ఎడమ చెయ్యీ లేదు. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఐదు క్షణాలు. పది. పోటీ పాఠంలో పది క్షణాలు ఎవరూ మాట్లాడకపోతే రెండు మార్కులు పోతాయని కాగితం మీదే రాసుంటుంది. పదిహేను. తింగ్‌వెయ్ కదల్లేదు. తన పిల్లలకి ఈ పాఠం వచ్చని తనకి తెలుసు. వచ్చినట్టు నటించడం నేర్పకముందే వచ్చు.

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. రువాన్ మెయ్‌జు లేచి నిలబడింది. చెయ్యెత్తలేదు.

"...నేను ఎడమ చెయ్యి ఎత్తుండేదాన్ని," అంది ఇంగ్లీషులో.

వాక్యం ఎక్కడా విరగలేదు. ఎక్కడ ఎన్ని అడుగులు వెయ్యాలో అక్కడ అన్నీ వేసింది. దానర్థం ఇంకా ముద్దుగా ఉంది: నాకెటూ జవాబు తెలియదు, చెయ్యి మారిందంతే.

హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. జడ్జీల్లో ఇద్దరు ఫ్లాస్కులు అడ్డం పెట్టుకున్నారు.

"తెలియదని ఎవరన్నారే నీకు?" అంది తింగ్‌వెయ్, ఇంగ్లీషు సంగతే మర్చిపోయి. "ఇప్పుడు చెప్పిందేంటి మరి?"

మెయ్‌జు ఆలోచించి, "అవును కదా," అని కూర్చుంది.

ఆ తర్వాత ఆపడం తింగ్‌వెయ్ తరం కాలేదు. కైలె ఎవరూ లేపకుండానే లేచాడు. "నేను వెనక సీట్లో పడుకునుంటే నా పరువు దక్కుండేది!" అందులో ఒక మాట తప్పుపోయింది, నేర్పని తప్పు. పక్కవాడు దిద్దాడు, లీడర్ కాదు. ఇంకొకడు తలుపువైపు చూస్తూ, "నియె సార్ కుడిచేతివాటంతో పుట్టుంటే మేం గెలిచుండేవాళ్లం," అన్నాడు. నియె సార్‌కి ఇంగ్లీషు అంతగా రాదు కానీ తన పేరొచ్చిన ప్రతిసారీ తలొంచి దణ్ణం పెడుతున్నాడు. మైకుని తిట్టారు, బస్సుని తిట్టారు. రెండో వరుస అమ్మాయి ఒకటి రెండుసార్లు తడబడినా నిలబడే పూర్తి చేసి, అప్పుడు కూర్చుంది. 'నేను బాగా చదివుంటే' అని ఒక్కరూ అనలేదు.

చివర్న సీయువాన్ లేచింది. పోటీల్లో నెగ్గడం అలవాటైన పిల్ల, మొహంలో కోపం కూడా ఉంది. "టీచర్ మొదటే ఇలా అడిగుంటే," అంది ఒక్కో మాటా విడదీసి, "మేం అన్ని వాక్యాలు బట్టీ పట్టుండేవాళ్లం కాదు."

తింగ్‌వెయ్‌కి ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ దొరకలేదు.

గంట మోగింది. ప్లాన్‌లో సగం అలాగే మిగిలిపోయింది. ముగింపు లేదు, ఇంటిపని ఇవ్వలేదు, తెర మీద చూపించాల్సిన పద్నాలుగు బొమ్మల్లో తొమ్మిది చూపించలేదు.

పాఠం అవగానే అందరి ముందే తీర్పు చెప్పడం అక్కడి పద్ధతి. గావ్ గారు మైకు తీసుకుని కాగితం కిందికీ మీదికీ చూశారు.

"సమయపాలనకి ఇరవై మార్కులు. ఎనిమిది వేశాను. ప్లాన్ ప్రకారం నడిచినందుకు పదిహేను. నాలుగు వేశాను, అవీ మొదటి పది నిమిషాలకే." గొంతు సవరించుకున్నారు. "ఇక ఈ చేతుల సంగతి. నేను ముప్పై ఏళ్లుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నా. నాకు తెలియదని మీరంతా అనుకుంటున్నారని నాకు తెలుసు. నేనూ టీచర్నే కదండీ, నేను నేర్పింది కూడా కుడి చెయ్యే." హాలు మళ్లీ నవ్వింది. "పిల్లలు సొంతంగా మాట్లాడినందుకు ఇరవై. ఇరవయ్యీ వేశాను. ఆ గడిలో నిండుగా వెయ్యడం నాకిదే మొదటిసారి."

కూడితే రెండో బహుమతి. మొదటిది పండగల పాఠం చెప్పిన స్కూలుకి పోయింది.

తీర్పు అవగానే లాన్ అక్క వేదిక ఎక్కి వచ్చింది. "వేలు నొప్పి పుట్టేదాకా చూపించాను కదే నీకు!"

"చూశానక్కా."

"చూసి?"

"సీయువాన్‌ని లేపుంటే గెలిచుండేదాన్ని."

"మరి?"

"లేపలేదు కదా." తింగ్‌వెయ్ వంగి నేల మీద టేపు పీకడం మొదలెట్టింది. "వచ్చే ఏడు మళ్లీ ఇదే పాఠం. అరగదీత మాత్రం వద్దు. నీ ప్లాన్‌లు దాచుకో, నియె సార్ లెక్కల పాఠానికి పనికొస్తాయి."

"నీకు పొగరెక్కువ," అంది లాన్ అక్క. అయినా రెండో చివర వంగి ఎర్ర టేపు తనే లాగి, ముడతలు పడకుండా చుట్ట చుట్టి ఇచ్చింది.

ప్రిన్సిపాల్ గారు మాట తప్పలేదు. స్టాఫ్ మీటింగులో చప్పట్లు కొట్టించారు. పోస్టు ఇంకో ఏడాది ఖాళీగా ఉంచుతున్నానన్నారు. మీటింగు అవగానే తింగ్‌వెయ్ ఆయన గదికెళ్లి, వచ్చే ఏటి పోటీకి ఫారం ఇప్పుడే ఇవ్వమని అడిగింది.

"ఇంకా పదకొండు నెలలుందమ్మా."

"పర్లేదు సార్. పేరూ పాఠం నింపేసి పెట్టేస్తాను. మధ్యలో ఆ పోస్టులో ఇంకెవర్నైనా కూర్చోపెట్టాలనిపిస్తే ఫారం మీ కళ్లకి కనపడుతుంటుంది."

ఆయన నవ్వి సొరుగు తెరిచారు. ఆమె అక్కడే నిలబడి నింపింది. 'ముందస్తు అభ్యాసాలు ఎన్ని' అన్న గడిలో సున్నా చుట్టి, పక్కన సంతకం పెట్టింది.

మర్నాడు మొదటి పీరియడ్. పేజీ తిప్పి కొత్త పాఠం మొదలుపెట్టి, మామూలుగానే ఒక ప్రశ్న వేసింది. ఆరు చేతులు లేచాయి. మిగతా నలభై మంది నిమ్మళంగా కూర్చుని ఆమె వంకే చూస్తున్నారు, తెలియదని చెప్పడానికి చెయ్యెత్తే పని లేకుండా. కైలె తల గోక్కుంటున్నాడు.

కాసేపటికి కిటికీ పక్కన ఏడో చెయ్యి లేచింది, మోచేతి దాకానే.

"చెప్పు మెయ్‌జు," అంది తింగ్‌వెయ్. అది కుడో ఎడమో చూడలేదు.